లెజెండ్ మేనేజర్ వెళ్ళిపోతుంటే క్లబ్ ఏం చెయ్యాలి

ఇరవై ఏళ్ళు ఒకే మనిషి చేతిలో నడిచిన ఫుట్‌బాల్ క్లబ్‌కి కొత్త మేనేజర్, అంటే టీమ్‌ని నడిపే పెద్ద కోచ్, కావాలనగానే అందరూ పేర్ల దగ్గర మొదలుపెడతారు, ఈయనైతే బావుంటాడు, ఆయనైతే ఇంకా బావుంటాడు అని. నేను మాత్రం పేర్లు ఆఖర్న చూడండి అంటాను. ఇలాంటి మార్పులు ఒక్కొక్కటీ చూస్తూ, పాతవి చదువుతూ వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఇదే, వచ్చినవాడికి పని రాక చెడినవి తక్కువ, వెళ్ళినాయన ఒక్కడే ఎన్ని బరువులు మోశాడో క్లబ్‌కే తెలియక చెడినవి ఎక్కువ. పెద్ద క్లబ్ అయినా కింది డివిజన్‌లో ఆడే చిన్న క్లబ్ అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ముందు ఆయన చేసే పనులన్నీ రాయండి

ఆయన ఇంకా కుర్చీలో ఉండగానే ఇది చెయ్యాలి. ట్రైనింగ్ ఎవరు పెడుతున్నారు, టీమ్ ఎవరు సెలెక్ట్ చేస్తున్నారు అన్నవి అందరికీ తెలుసు, అవి రాయడం తేలికే. మిగతావి రాయండి. ఒక ప్లేయర్ కాంట్రాక్ట్ విషయంలో మొండికేస్తే ఇంటికి ఫోన్ చేసి మాట్లాడేది ఎవరు, అకాడమీలో పదహారేళ్ళ కుర్రాడి అమ్మానాన్నలకి ధైర్యం చెప్పేది ఎవరు, ఓనర్లు కంగారుపడితే వాళ్ళని కూర్చోబెట్టేది ఎవరు, వరసగా మూడు ఓడిపోయాక ప్రెస్ ముందు దెబ్బలు తన మీద వేసుకునేది ఎవరు. ఈ పనులకి ఆఫీసు కాగితాల్లో ఎక్కడా పేరుండదు. ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కటే ఆయన మీదకి చేరిపోతాయి, ఎవరూ అప్పగించరు, ఎవరూ లెక్కపెట్టరు.

ఫెర్గూసన్ సంగతే చూడండి. మాంచెస్టర్ యునైటెడ్‌లో మేనేజర్‌గా 1986 నుంచి 2013 దాకా, 38 ట్రోఫీలు, అందులో 13 లీగ్ టైటిళ్ళు. కానీ చివరి ఏళ్ళలో రోజువారీ ట్రైనింగ్ నడిపింది ఎక్కువగా ఆయన కోచ్‌లే, ఆయన పక్కన నిలబడి చూసేవాడు, ఎవరి మొహం ఎలా ఉందో కనిపెట్టేవాడు. అంటే ఆయన వెళ్తే క్లబ్‌లో ఖాళీ అయింది కోచ్ పోస్టు ఒకటే కాదు, ఆ చూపు కూడా పోయింది. పైగా అదే సమ్మర్‌లో ట్రాన్స్‌ఫర్లూ (ప్లేయర్లని కొనడం, అమ్మడం) బేరాలూ చూసుకునే చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నాడు. ఒకే ఇంట్లో రెండు స్తంభాలు ఒకేసారి తీసేశారు. ఫలితం ప్లేయర్లని కొనే ఆ సీజన్‌లోనే (ట్రాన్స్‌ఫర్ విండో) కనిపించింది, ఎవర్టన్ ప్లేయర్ ఫెలైనీ రిలీజ్ క్లాజ్ (ఇంత ఇస్తే వదిలెయ్యాలని కాంట్రాక్ట్‌లో రాసిన ధర) గడువు దాటిపోయేదాకా ఆగి, ఆఖరి రోజున అంతకంటే ఎక్కువ పెట్టి 27.5 మిలియన్ పౌండ్లకి కొన్నారు. దీన్ని ఫెర్గూసన్ తర్వాత కొత్తగా వచ్చిన మేనేజర్ మోయెస్ ఒక్కడి తప్పు అనడం న్యాయం కాదు.

లిస్టు రాశాక ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు రాయండి, కొత్త మేనేజర్ పేరు కాకుండా. అన్నిటికీ ఆయన పేరే రాయాల్సి వస్తోందంటే మీరు ఇంకా రెడీగా లేనట్టే.

లివర్‌పూల్ 2024లో చేసింది సరిగ్గా ఇదే అని నా నమ్మకం. మేనేజర్ క్లాప్ వెళ్తున్నాడని తెలిశాక మార్చిలో మైఖేల్ ఎడ్వర్డ్స్‌ని ఓనర్ల గ్రూప్‌లో ఫుట్‌బాల్ వ్యవహారాల పెద్దగా వెనక్కి తెచ్చారు, తర్వాత రిచర్డ్ హ్యూస్‌ని స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పెట్టారు, ఆ తర్వాతే డచ్ క్లబ్ ఫైనూర్డ్ నుంచి ఆర్నె స్లాట్‌ని తెచ్చుకున్నారు. పైన కూర్చునేవాళ్ళు ముందు, కోచ్ తర్వాత. స్లాట్ మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు, 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి.

అలాగని పనులు పంచేస్తే చాలు అనుకోకండి. ఆర్సెనల్ కూడా పంచింది. మేనేజర్ వెంగర్ 22 ఏళ్ళ తర్వాత 2018లో వెళ్ళేముందే ప్లేయర్లని వెతకడానికి స్వెన్ మిస్లింటాట్‌ని, బేరాలకి రౌల్ సన్యెహిని తెచ్చారు, తెచ్చింది చీఫ్ ఎగ్జిక్యూటివ్ గజిడిస్. కాగితం మీద చాలా బాగుంది. కానీ అదే ఏడాది గజిడిస్ ఇటలీ క్లబ్ మిలాన్‌కి వెళ్ళిపోయాడు, కొన్ని నెలలకే మిస్లింటాట్ కూడా వెళ్ళిపోయాడు, వెంగర్ తర్వాత మేనేజర్‌గా వచ్చిన ఎమెరీకి ఆ ముగ్గురిలో ఇద్దరు ఏడాది తిరిగేసరికి అక్కడ లేరు. 2019 నవంబర్‌లో ఎమెరీని తీసేశారు. కాబట్టి పనులు పంచుకున్న వాళ్ళు కనీసం రెండు మూడు సీజన్లు ఉంటారని ముందే మాట తీసుకోండి, వీలైతే కాంట్రాక్ట్‌లోనే రాయించుకోండి.

ఎప్పుడు చెప్పాలి

లోపల వీలైనంత ముందు తెలియాలి, బయటకి కొంచెం ఆగి చెప్పాలి. ఈ రెండూ వేరువేరు విషయాలు, చాలామంది కలిపేస్తారు. ఫెర్గూసన్ ఒకసారి 2001-02 సీజన్ అయ్యాక తప్పుకుంటానని చాలా ముందుగా బయటపెట్టేశాడు, ఆ సీజన్‌లో టీమ్ పట్టు సడలింది, మధ్యలో మనసు మార్చుకుని ఉండిపోయాడు, అంత ముందు చెప్పడం పొరపాటని తర్వాత తనే ఒప్పుకున్నాడు. రెండోసారి దానికి పూర్తి రివర్స్‌లో జరిగింది, 2013 మే 8న రిటైర్‌మెంట్ ప్రకటన, మర్నాడే మోయెస్ పేరు. క్లాప్ ఓనర్లకి 2023 నవంబర్‌లో చెప్పాడు, ప్రపంచానికి 2024 జనవరి 26న చెప్పాడు. ఆ రెండు నెలలు లోపలివాళ్ళు ప్రశాంతంగా ఆలోచించుకోడానికి, తర్వాత నాలుగు నెలలు ఫ్యాన్స్ వీడ్కోలు చెప్పుకోడానికి సరిపోయాయి. నాకు తెలిసి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

లివర్‌పూల్ పాత మేనేజర్ షాంక్లీ అయితే 1974 జూలైలో చెప్పాడు, సీజన్ నెత్తి మీదకి వచ్చాక. లివర్‌పూల్ తట్టుకోగలిగిందంటే పక్క గదిలో ఆయన అసిస్టెంట్ బాబ్ పైస్లీ ఉన్నాడు కాబట్టి. అందరికీ అలా పక్క గదిలో మనిషి దొరకడు.

పాయింట్ల టేబుల్‌ని చూసి టీమ్ బాగుందనుకోకండి

చివరి సీజన్ టేబుల్ చాలా మోసం చేస్తుంది. 2012-13లో యునైటెడ్ 11 పాయింట్ల తేడాతో టైటిల్ కొట్టింది, అది చూస్తే వచ్చినవాడికి ఏం కష్టం అనిపిస్తుంది. వయసులు చూడండి మరి. స్కోల్స్ రిటైర్ అయిపోయాడు, గిగ్స్‌కి 39, ఫెర్డినాండ్‌కి 34, ఎవ్రాకి 32, విడిచ్‌కి 31. ఆ టీమ్‌తో టైటిల్ గెలవడం ఫెర్గూసన్ గొప్పతనం, ఆయన లేకపోతే అదే టీమ్ ఎలా ఉంటుందో మరుసటి సీజన్‌లోనే బయటపడింది, ఏడో స్థానం.

అందుకే వెళ్ళే మేనేజర్‌తో ఒక మాట మాట్లాడుకోవాలి, ఆఖరి ట్రాన్స్‌ఫర్లు ఎవరి కోసం అని. చివరి సీజన్ గెలవడానికి ముప్పై దాటినవాళ్ళని తేవడం తేలిక. క్లాప్ వెళ్ళడానికి ముందు ఏడాదే మిడ్‌ఫీల్డ్ మొత్తం మార్చాడు, మాక్ అలిస్టర్, సోబోస్లాయ్, ఎండో, గ్రావెన్‌బెర్క్ అందరూ 2023 సమ్మర్‌లో వచ్చినవాళ్ళే. స్లాట్ వచ్చిన సమ్మర్‌లో వెంటనే ఆడడానికి కొన్నది కియేజా ఒక్కడినే, అయినా టైటిల్ వచ్చింది, గ్రావెన్‌బెర్క్‌ని కాస్త వెనక్కి దింపి ఆడించడం దానికి పెద్ద కారణం.

ఇప్పుడు మనిషిని చూడండి

లోపలివాడా బయటివాడా అనే వాదన ఎప్పటికీ తెగదు, ఎందుకంటే రెండు పక్కలా ఉదాహరణలు ఉన్నాయి. పైస్లీ లోపలివాడు, 1939 నుంచి ఆ క్లబ్‌లోనే, తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్‌లు, మూడు యూరోపియన్ కప్‌లు (యూరప్ క్లబ్‌ల మధ్య జరిగే పెద్ద టోర్నీ). విల్ఫ్ మెక్‌గిన్నెస్ కూడా లోపలివాడే, 1969లో మ్యాట్ బస్బీ తర్వాత యునైటెడ్‌కి వచ్చాడు, వయసు 31. టీమ్‌లో స్టార్ ప్లేయర్ బాబీ చార్ల్టన్‌దీ అతనిదీ ఒకే వయసు, కలిసి పెరిగినవాళ్ళు, ఇప్పుడు వాళ్ళకే ఆర్డర్లు వెయ్యాలి. పైగా మొదట్లో మేనేజర్ అన్న పేరు కూడా ఇవ్వలేదు, చీఫ్ కోచ్ అన్నారు. 1970 డిసెంబర్‌లో తీసేసి మళ్ళీ బస్బీనే కూర్చోబెట్టారు. నాకు ఇది చదివిన ప్రతిసారీ మెక్‌గిన్నెస్ మీద జాలేస్తుంది, కుర్చీ ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

జర్మనీ క్లబ్ ఫ్రైబుర్గ్ దీన్ని చక్కగా చేసింది. 2012 నుంచి 2024 దాకా ఉన్న కోచ్ స్ట్రైక్ తప్పుకుంటే పాత కెప్టెన్ జులియన్ షుస్టర్‌ని తీసుకున్నారు, అతను అప్పటికే అకాడమీకీ మెయిన్ టీమ్‌కీ మధ్య పని చేస్తున్నాడు, అంటే కుర్రాళ్ళు తెలుసు, ఇల్లు తెలుసు, ఆటగాళ్ళతో కలిసి ఆడిన రోజులు కాస్త వెనకబడ్డాయి. మొదటి సీజన్ జర్మనీ టాప్ లీగ్ బుందెస్‌లిగాలో ఐదో స్థానం.

బయటివాడు ఎలా రాకూడదో తెలియాలంటే 1974లో లీడ్స్‌కి వచ్చిన బ్రయాన్ క్లఫ్‌ని చూడాలి. డాన్ రివీ 13 ఏళ్ళు కట్టిన టీమ్, అప్పుడే లీగ్ గెలిచి ఉంది, వాళ్ళ దగ్గరికి వచ్చి మీ మెడల్స్ చెత్తబుట్టలో పడేసుకోండి, మోసం చేసి గెలిచారు అన్న అర్థంలో మాట్లాడాడు. 44 రోజులు ఉన్నాడు. క్లఫ్ చిన్న మేనేజర్ కాదు, తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో రెండు యూరోపియన్ కప్‌లు గెలిచినవాడు. అంత గొప్పవాడికైనా, వెళ్ళిపోయినాయన్ని తిడితే ఆయనతో గెలిచినవాళ్ళని కూడా తిట్టినట్టే అవుతుంది.

అందుకే ఇంటర్వ్యూలో ఏం మారుస్తావు అని అడగడం కంటే మొదటి ఆరు నెలలు ఏం మార్చవు అని అడగండి. ఇక్కడ ఏది బాగా నడుస్తుందో చదువుకుని వచ్చినవాడే దీనికి జవాబు చెప్పగలడు. స్టాఫ్ విషయం కూడా ఇందులోనే వస్తుంది. మోయెస్ వచ్చి ఫీలన్, మ్యూలెన్‌స్టీన్, స్టీల్ లాంటి పాత కోచ్‌లందరి స్థానంలో ఎవర్టన్ నుంచి తనవాళ్ళని తెచ్చుకున్నాడు. సొంత మనుషుల్ని తెచ్చుకోవడం తప్పేం కాదు, లివర్‌పూల్‌లో కూడా క్లాప్ కోచ్‌లు ఆయనతోపాటే వెళ్ళారు. కానీ కోచ్‌లూ పోయి, పైన ఆఫీసులో పాతవాళ్ళూ పోతే, ఫలానా ప్లేయర్‌కి ఇంజెక్షన్ వేసి ఆడిస్తే తర్వాత వారం నడవలేడు లాంటి సంగతులు చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు. కనీసం ఒక్క పాత మనిషైనా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండాలి, ఆ మనిషి కొత్త మేనేజర్‌కి నచ్చినవాడై ఉండాలి.

పెద్దాయన ఎక్కడ కూర్చోవాలి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, అందుకే ఎవరూ ముందు మాట్లాడుకోరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అని మనకి తెలుసు, అయినా ఆయన్ని బయటకి వెళ్ళమని ఏ నోటితో చెప్తాం.

షాంక్లీ రిటైర్ అయ్యాక కూడా రోజూ మెల్‌వుడ్ ట్రైనింగ్ గ్రౌండ్‌కి వచ్చేవాడు. పదిహేనేళ్ళ అలవాటు మరి. ప్లేయర్లు ఆయన్ని చూడగానే బాస్ అని పిలిచేవాళ్ళు, పక్కన పైస్లీ నిలబడి ఉండేవాడు. క్లబ్ ఇబ్బందిపడింది, చివరికి ఆయన రావడం ఆగిపోయింది, పక్కనే ఉండే ఎవర్టన్ ట్రైనింగ్ గ్రౌండ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. లివర్‌పూల్‌ని రెండో డివిజన్ నుంచి లేపి నిలబెట్టిన మనిషి. 1981లో పోయాడు, మరుసటి ఏడాది ఆయన పేరుతో గేట్లు పెట్టారు. బతికుండగా ఒక చిన్న పని, ఒక వేళ, ఒక కుర్చీ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు.

బస్బీ కథ దీనికి ఎదురు, ఆయన జనరల్ మేనేజర్‌గా అదే బిల్డింగ్‌లో ఉండిపోయాడు, ప్లేయర్లు బాధ వస్తే ఆయన తలుపే తట్టారు. కాబట్టి రెండు వైపులా తప్పులు ఉన్నాయి. చెయ్యాల్సింది ఏంటంటే ఆయన్ని కూర్చోబెట్టి స్పష్టంగా మాట్లాడి రాసుకోండి, మొదటి ఏడాది ట్రైనింగ్ గ్రౌండ్‌కి రాకుండా ఉండడం, దానికి బదులు అకాడమీ ప్రోగ్రామ్‌లో గౌరవమైన పాత్ర, మ్యాచ్‌లకి ఎప్పుడూ సీటు, కానీ టీవీ కెమెరా ప్రతి గోల్ పడ్డప్పుడూ ఆయన మొహం వెతుక్కునే చోట కాకుండా. పాత ప్లేయర్ ఫోన్ చేస్తే మాట్లాడొచ్చు, టీమ్ సంగతి వస్తే కొత్త ఆయన్ని అడుగు అని చెప్పాలి. ఈ మాట కొత్త మేనేజర్ నోటి నుంచి రాకూడదు, ఓనర్ చెప్పాలి.

ఆయన దగ్గర అడగాల్సింది ఇంకోటుంది. 2024 మే 19న లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో తన వీడ్కోలు రోజున క్లాప్ మైక్ పట్టుకుని, ఇంకా రాని స్లాట్ పేరుతో స్టేడియం అంతా పాడించాడు. ఎంత డబ్బు ఖర్చుపెట్టినా కొత్తవాడికి అంత మంచి స్వాగతం ఇవ్వలేరు.

ఎంతకాలం ఆగాలి

మొదటి సీజన్‌కి ముందే, ఎవరికీ కోపం లేనప్పుడే రాసుకోండి, ఏం జరిగితే ఆగుతాం, ఏం జరిగితే ఆగం అని. మోయెస్‌కి ఆరేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చి సీజన్ కూడా పూర్తవకుండా 2014 ఏప్రిల్ 22న తీసేశారు. పైస్లీకి మొదటి ఏడాది ఒక్క పెద్ద ట్రోఫీ రాలేదు, లీగ్‌లో రెండో స్థానం, రెండో ఏడాది లీగ్, యూఈఎఫ్‌ఏ కప్ రెండూ వచ్చాయి. ఓపిక అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు. కుర్రాళ్ళు మెరుగవుతున్నారా, ఓడిన మ్యాచ్‌లో కూడా ఏం చెయ్యాలనుకున్నారో కనిపిస్తోందా, సీనియర్లు ట్రైనింగ్‌కి టైమ్‌కి వస్తున్నారా, ఇవి చూడండి. ఇవి బాగుంటే ఆరో స్థానంలో ఉన్నా ఆగొచ్చు, ఇవి పోతే నాలుగో స్థానంలో ఉన్నా ఆలోచించాలి.

ఒకవేళ మార్చక తప్పకపోతే పూర్తిగా ఎదురు రకం మనిషిని తేకండి. మోయెస్ తర్వాత వాన్ గాల్, ఆయన తర్వాత మొరీన్యో, తర్వాత సోల్‌షేర్, ఒకరి ఆటకీ ఇంకొకరి ఆటకీ సంబంధం లేదు, ఒకరి కోసం కొన్న ప్లేయర్లు తర్వాతి వాళ్ళకి పనికిరాకుండా పోయారు. బస్బీ తర్వాత కూడా అంతే, 1968లో యూరోపియన్ కప్ ఎత్తిన క్లబ్ 1974కల్లా రెండో డివిజన్‌కి పడిపోయింది. ఆర్సెనల్ ఎమెరీ తర్వాత ఆర్టెటాని తెచ్చి, వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం వచ్చినా కదపలేదు, ఆ ఓపికతో తర్వాత వరసగా మూడుసార్లు రెండో స్థానం దాకా వచ్చారు. రెండో మనిషిని వెతికేటప్పుడు మొదట రాసుకున్న ఆ పనుల లిస్టే మళ్ళీ బయటకి తీయండి, ఏ పని ఎదురుగా పేరు చెరిగిపోయిందో చూసి ముందు అది నింపండి, ఆ తర్వాతే ఫోన్లు చెయ్యండి.