కొత్త అఖాతంలోకి చిన్న పడవతో వెళ్తున్నారా? ముందు పాటు వేళ చూడండి

చలికాలంలో కాకినాడ అఖాతం బయట సముద్రం కంటే ప్రశాంతంగా కనిపిస్తుంది. తూర్పున హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటమే కారణం. కానీ ఉత్తరం వైపు తెరిచే ఉంది. డిసెంబర్, జనవరిలో ఈశాన్య గాలి అక్కడి నుంచే లోపలికి వచ్చి, చిన్న పడవను కోరింగ మడ అడవుల వైపు, అంటే లోతు తక్కువైన బురద వైపు నెడుతుంది.

అందుకే తెలియని చోట వేటకు దిగే ముందు రోజు, పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఒడ్డున నిలబడి చూడండి. ఎక్కడ బురద తేలిందో, కాలువలు ఎటు తిరిగాయో అప్పుడే తెలుస్తుంది. నిండు పోటులో, అంటే నీరు పూర్తిగా ఎక్కినప్పుడు, అంతా ఒకేలా కనిపిస్తుంది.

వెళ్లడం పోటు ఎక్కుతున్నప్పుడే. పడవ అడుగు ఎక్కడైనా నేలకు తట్టినా, పెరిగే నీరే దాన్ని లేపుతుంది. అదే పోటు నిండాక తడితే, మళ్లీ పోటు వచ్చేదాకా దాదాపు 12 గంటలు చలిలో కూర్చోవాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో అయితే తర్వాతి పోట్లు తగ్గుతూ వస్తాయి, ఇంకా కష్టం. బురదలోకి మాత్రం దిగకండి, కాలు పైకి రాదు. గెడ వేసి లోతు చూసుకుంటూ వెళ్లండి.

పొగమంచు ఉంటే బయలుదేరకండి. మధ్యలో కమ్మితే లంగరు వేసి ఆగండి. చిన్న దిక్సూచి, లైఫ్ జాకెట్ తప్పనిసరి. గాలి, అలల అంచనా ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) రోజూ ఇస్తుంది. దానితో పాటు రేవులో పెద్దవాళ్లను అడగండి, ఈ ఏడు ఇసుకమేట ఎటు జరిగిందో వాళ్లకే తెలుసు. కోరింగ అభయారణ్యం హద్దు ఎక్కడిదాకానో కూడా అప్పుడే కనుక్కోండి.