పెల్విస్ ఫ్రాక్చర్ కోడ్‌లో ఏడో అక్షరం

అమెరికా చార్టులకు (రోగుల వైద్య రికార్డులకు) ఐసీడీ-10-సీఎం కోడ్‌లు, అంటే అక్కడ రోగనిర్ధారణలకు వాడే కోడ్‌లు, వేసేటప్పుడు, పెల్విస్ (కటి ఎముకల) ఫ్రాక్చర్ కోడ్‌లో ఏడు అక్షరాలు పూర్తికాక బీమా క్లెయిమ్ తిరిగి రావడం మెడికల్ కోడర్లమైన మనలో చాలామందికి అనుభవమే. ఎస్32.9 (ఏ భాగమో స్పష్టంగా చెప్పని ఫ్రాక్చర్) వంటి నాలుగక్షరాల కోడ్‌ చివర ముందుగా రెండు ఎక్స్‌లు చేర్చి, ఆపైన ఏడో స్థానంలో చికిత్స దశను సూచించాలి. క్లోజ్డ్ ఫ్రాక్చర్‌కు (చర్మం చీలకుండా ఎముక మాత్రమే విరిగినదానికి) చికిత్స ఇంకా సాగుతుంటే అది ఎస్32.9ఎక్స్ఎక్స్ఏ అవుతుంది, మామూలుగా మానుతున్న దశలో చివర డీ వస్తుంది. రిపోర్టులో ప్యూబిస్ (పెల్విస్ ముందు భాగపు ఎముక) అని స్పష్టంగా ఉంటే మాత్రం ఎస్32.5 వరుసకే వెళ్లాలి. ఫ్రాక్చర్ ఖరారైతే దాని నొప్పికి వేరే కోడ్ అక్కర్లేదు.

అవుట్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరని రోగి) చార్టులో వైద్యుడు ‘ఫ్రాక్చర్ కావచ్చు’ అని మాత్రమే రాస్తే ఈ పద్ధతి పనికిరాదు, అప్పుడు ఆర్10.2 వరుసలోని పెల్విస్ నొప్పి కోడే వేయాలి, అదీ 2025 అక్టోబరు 1 నుంచి ఐదో అక్షరంతో సహా.