పెద్ద లెన్స్‌కి మోనోపాడ్: బాల్ హెడ్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

ఆటల సీజన్ మొదలవబోతున్నా, వలస పక్షులు దిగే రోజులు దగ్గరపడుతున్నా, పొడవాటి లెన్స్‌లున్న వాళ్లు మోనోపాడ్ కోసం వెతకడం మొదలుపెడతారు. రెండు కిలోల లెన్స్‌ని రోజంతా చేతులతో మోస్తే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. గ్యాలరీ అంచునో, జీపులోనో ట్రైపాడ్ పరుచుకునేంత చోటు ఉండదు. ఒంటికాలు స్టాండే దిక్కు. కొనేటప్పుడు అందరూ ఎత్తు ఎంత, బరువు ఎంత, కార్బన్ ఫైబరా అల్యూమినియమా అని తెగ ఆలోచిస్తారు. పైన ఏ హెడ్ (కెమెరాను పట్టుకుని వంచే భాగం) పెట్టాలన్నది మాత్రం చివర్లో, అలవాటు కొద్దీ తేలిపోతుంది: ట్రైపాడ్ మీద బాల్ హెడ్ (బంతి మీద ఎటైనా తిరిగేది) ఉంది కాబట్టి ఇక్కడా అదే. ఇబ్బందులు ఎక్కువగా అక్కడినుంచే వస్తాయి.

ఫొటో మసకబారడం ఒక్కటే కాదు ఇబ్బంది. మసకబారితే ఇంకోటి తీసుకోవచ్చు. హెడ్ ఒక్కసారిగా సడలి లెన్స్ ముక్కు కిందికి పడి కర్రకు కొట్టుకోవడం, మధ్యలో వేళ్లు నలగడం, మర ఊడి కెమెరా నేలకు తగలడం, ఇవీ అసలు భయాలు. ట్రైపాడ్ మీదైతే ఒక మర వదులైనా మిగతా సరంజామా తన కాళ్ల మీద తాను నిలబడి ఉంటుంది. మోనోపాడ్‌ని నిలబెట్టేది మీ చెయ్యే. అందుకని నేల నుంచి లెన్స్ దాకా ఉన్న ప్రతి అతుకునూ బయల్దేరే ముందే ఒక్కసారి చూసుకోవాలి.

అది ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

మోనోపాడ్ కెమెరా బరువు మోస్తుంది. పైకీ కిందికీ ఉండే వణుకును బాగా తగ్గిస్తుంది. ముందుకూ వెనక్కూ ఊగడం, పక్కలకు ఒరగడం, కర్ర తన చుట్టూ తాను తిరగడం, ఈ మూడూ మీ ఒంటి నిలకడను బట్టే ఉంటాయి. 400 మి.మీ. లెన్స్‌ని చేత్తో పట్టుకుంటే షట్టర్ స్పీడ్ కనీసం 1/400 సెకను ఉండాలని పాత లెక్క. మోనోపాడ్ ఉండి, నిలబడే తీరు బాగుంటే రెండు మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి స్పీడ్ సగమవుతుంది) కలిసొస్తాయి, అంటే 1/100 లేదా 1/50 దాకా దిగొచ్చు. ఆ లెక్క కదలని వస్తువులకే పనికొస్తుంది. ఎగిరే పక్షి రెక్క స్పష్టంగా రావాలంటే 1/2000 దాకా కావాల్సిందే, స్టాండ్ ఉన్నా లేకున్నా. రాత్రి దృశ్యాలకు సెకన్ల తరబడి షట్టర్ తెరిచి ఉంచే పని ఉంటే మోనోపాడ్ వద్దు, ట్రైపాడ్ తీసుకెళ్లండి.

బాల్ హెడ్ నిజంగా కావాలా?

ట్రైపాడ్ కాళ్లు కదలవు. అందువల్ల కెమెరాకు కావాల్సిన కదలికలన్నీ హెడ్ ఇవ్వాలి, బాల్ హెడ్ అక్కడ చక్కగా పనిచేస్తుంది. మోనోపాడ్ దగ్గర లెక్క వేరు. కెమెరాను పక్కకు తిప్పాలంటే కర్రనే తిప్పుతారు. హొరైజన్ వంకరగా ఉంటే కర్రనే కాస్త ఒరగేస్తారు. నిలువు ఫ్రేమ్ కావాలంటే, కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టు రింగు) ఉన్న లెన్స్‌ని కాలర్‌లోనే తొంభై డిగ్రీలు తిప్పుతారు. ఇక హెడ్ చెయ్యాల్సిన పని ఒక్కటే మిగిలింది: పైకీ కిందికీ వంచడం.

ఆ ఒక్క పనికి ఒకే దిశలో వంగే టిల్ట్ హెడ్ చాలు. మాన్‌ఫ్రాటో 234 లాంటి చిన్న హెడ్‌లు ఈ కోవలోవే, ఇంకా చాలా కంపెనీలవి దొరుకుతాయి. టిల్ట్ హెడ్ నాబ్ సడలినా కెమెరా ముందుకో వెనక్కో మాత్రమే వంగుతుంది. బాల్ హెడ్ నాబ్ సడలితే ఎటు పడుతుందో మీకూ తెలీదు, దానికీ తెలీదు. ఒక చేత్తో లెన్స్, ఇంకో చేత్తో నాబ్ పట్టుకుంటే ఇక కర్రను పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. కాలర్ ఉన్న బరువైన లెన్స్ అయితే నా ఓటు టిల్ట్ హెడ్‌కే.

అసలు హెడ్డే లేకుండా లెన్స్ ఫుట్‌ని (కాలర్ అడుగున ఉండే పాదం) నేరుగా మోనోపాడ్‌కి బిగించడం కూడా మంచి పద్ధతే. మైదానం అంచున కూర్చునో, మోకాలి మీదో ఆటగాళ్లను తీసేవాళ్లకు పైకి కిందికి వంచే అవసరం అంతగా రాదు. కర్రను ముందుకు వెనక్కు కొద్దిగా ఒరగేస్తే సరిపోతుంది. ఉన్న పద్ధతుల్లో అతి గట్టిది ఇదే, ఎందుకంటే ఊడటానికి ఒక అతుకు తక్కువ. నెత్తిమీద కొమ్మల్లోని పక్షులకు మాత్రం ఇది కుదరదు.

ఇంత చెప్పినా బాల్ హెడ్‌కీ చోటుంది. కాలర్ లేని చిన్న లెన్స్‌లు, మాక్రో పని, ఇరుకు గదుల్లో వింత కోణాలు, ప్రయాణంలో ట్రైపాడ్‌కీ మోనోపాడ్‌కీ ఒకే హెడ్ వాడుకోవాలన్న ఆలోచన, ఇవన్నీ సరైన కారణాలే. అప్పుడు చూడాల్సింది ముఖ్యంగా ఫ్రిక్షన్ నాబ్. లాక్ చేసే నాబ్‌తో పాటు బంతి ఎంత బిగువుగా కదలాలో విడిగా సెట్ చేసుకునే నాబ్ ఉన్న హెడ్డే తీసుకోండి. మీ బరువుకు సరిపడా ఫ్రిక్షన్ పెట్టుకుంటే, లాక్ వదిలినా కెమెరా ధబీమని పడదు, నెమ్మదిగా మాత్రమే వంగుతుంది. లెన్స్ మార్చినప్పుడల్లా దాన్ని మళ్లీ సెట్ చేసుకోవాలి. ఈ పనిని చాలామంది మర్చిపోతారు. రెండో విషయం బంతి సైజు. బంతి పెద్దదైతే తక్కువ బలంతో బిగించినా పట్టు బాగుంటుంది. చేతి తొడుగులున్నా పట్టు దొరికేంత పెద్ద లాక్ నాబ్ ఉండాలి. అది పక్కనున్న పాన్ నాబ్‌తో (హెడ్‌ని అడ్డంగా తిప్పడానికి వదిలేది) పొరపాటు పడేలా ఉండకూడదు. చూడకుండా వేలితో తడిమి ఏది ఏదో చెప్పగలగాలి.

బాల్ హెడ్‌కి పక్కన ఒక గాడి ఉంటుంది, నిలువు ఫ్రేమ్ కోసం కెమెరాను అందులోకి వంచుతారు. అలా వంచినప్పుడు బరువంతా కర్రకు ఒక పక్కకు పోతుంది. కర్ర ఒరుగుతుంది, ప్లేట్ (కెమెరా అడుగున బిగించే పలక) మీద కెమెరా మెలి తిరగాలని చూస్తుంది. తరచూ నిలువు ఫొటోలు తీసేవాళ్లు ఎల్ ఆకారపు బ్రాకెట్ వేసుకోవడం మేలు. అది ఉంటే కెమెరాను క్లాంప్‌లోంచి (హెడ్ మీద ప్లేట్‌ని పట్టుకునే భాగం) తీసి నిలువుగా పెట్టుకోవచ్చు, బరువు కర్ర మీదే ఉంటుంది.

పెట్టె మీద రాసిన కిలోలు

హెడ్ పెట్టె మీద పది కిలోలని, ఇరవై కిలోలని ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా కొలుస్తుంది, కాబట్టి రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చి లాభం లేదు. నిలువుగా, మధ్యలో పెట్టిన బరువు వేరు, ముందుకు పొడుచుకొచ్చిన లెన్స్ లాగే బరువు వేరు. కెమెరా, లెన్స్, హుడ్, ప్లేట్ అన్నీ కలిపి తూకం వేసుకుని, దానికి కనీసం రెండు మూడు రెట్లు రాసున్న హెడ్ చూసుకోండి. 70-200 ఎఫ్ 2.8 లెన్స్‌లు చాలావరకు ఒకటిన్నర కిలోల దరిదాపుల్లో ఉంటాయి. 150-600 జూమ్‌లు రెండు కిలోల చుట్టుపక్కల, 600 ఎఫ్ 4 అయితే కొత్త మోడళ్లే మూడు కిలోలు దాటుతాయి. వీటికి బాడీ బరువు అదనం.

అంకెలకన్నా ఇంట్లో చేసే ఒక పరీక్ష నమ్మదగింది. మంచం పక్కన కూర్చుని, పరుపు పైన ఉండేలా లెన్స్ బిగించండి. ముందుకు ముప్పై నలభై డిగ్రీలు వంచి హెడ్ లాక్ చేయండి. కర్ర కదలకుండా పట్టుకుని ఒకటి రెండు నిమిషాల పాటు లెన్స్ కోణం మారుతుందేమో గమనించండి. మెల్లగా కుంగుతుంటే ఆ హెడ్ ఆ లెన్స్‌కి సరిపోనట్టే. ఇంకా గట్టిగా తిప్పితే ఆగుతుందిలే అనుకోవద్దు. అంత బలం పెట్టి బిగిస్తేనే ఆగే హెడ్, పని మధ్యలో వదులు చేయాల్సి వచ్చినప్పుడు ఒక్క కుదుపుతో వదులుతుంది.

మరలు, ప్లేట్లు

కెమెరా అడుగున ఉండేది పావు అంగుళం మర. హెడ్‌లకూ చాలా మోనోపాడ్‌లకూ ఉండేది 3/8 అంగుళం మర. రెంటినీ కలపడానికి చిన్న బిళ్ల లాంటి అడాప్టర్ వేస్తారు. అది పూర్తిగా లోపలికి దిగి, అంచుతో సమంగా ఉండాలి. కొంచెం పైకి నిలబడితే హెడ్ ఆనాల్సిన చోట ఆనదు. బిగించినట్టే అనిపిస్తుంది కానీ ఊగుతుంది.

ఇప్పుడు ఎవరికీ అంతగా తట్టని సంగతి. హెడ్‌ని కర్ర మీద బిగించేది గడియారం ముల్లు తిరిగే వైపు. మీరు కుడి నుంచి ఎడమకు పరుగెత్తే ఆటగాడి వెంట లెన్స్ తిప్పినప్పుడల్లా, కాలు నేలను గట్టిగా పట్టుకుని ఉంటే, హెడ్ మీద ఊడే వైపు ఒత్తిడి పడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. కొన్ని గంటలపాటు ఇటూ అటూ తిప్పుతూ, మధ్యలో భుజాన వేసుకుని నడుస్తుంటే మర కొద్ది కొద్దిగా వదులవుతుంది. కొన్ని మోనోపాడ్‌ల పై పళ్లెం కింద చిన్న స్క్రూలు ఉంటాయి, హెడ్ పెట్టాక వాటిని కిందినుంచి బిగిస్తే అది తిరగదు. అవి లేకపోతే మర మీద థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయొచ్చు. మళ్లీ విప్పుకోగలిగే రకం తీసుకోండి, శాశ్వతంగా అతుక్కునేది వద్దు.

క్విక్ రిలీజ్ ప్లేట్ల దగ్గర పేరు చూసి మోసపోకండి. ఆర్కా స్విస్ తరహా ప్లేట్లు సుమారు 38 మి.మీ. వెడల్పు ఉంటాయి. కానీ అందరూ ఒకే కొలతకు కట్టుబడలేదు. మీట నొక్కితే మూసుకునే క్లాంప్ ఒక కంపెనీ ప్లేట్‌ని గట్టిగా పట్టుకుని, ఇంకొకరి ప్లేట్‌ని వదులుగా పట్టుకోవచ్చు. నాబ్ తిప్పి బిగించే క్లాంప్‌కి ఈ పేచీ తక్కువ. మాన్‌ఫ్రాటో ఆర్‌సీ2 ప్లేట్ల వరస పూర్తిగా వేరు, ఇందులోది అందులో పట్టదు. ప్లేట్ చివర్లలో చిన్న ఆపుడు స్క్రూలు ఉంటే తీసి పారేయొద్దు. క్లాంప్ వదులైనా లెన్స్ జారిపోకుండా ఆపేవి అవే. లెన్స్ ఫుట్‌కి రెండు మర రంధ్రాలుంటే రెండు స్క్రూలూ వేయండి, ఒక్కదానితో మెలి తిరుగుతుంది.

కాలర్ ఉన్న లెన్స్‌ని ఎప్పుడూ కాలర్‌తోనే బిగించాలి. కెమెరా అడుగు మర మీద పెద్ద లెన్స్ వేలాడితే బరువంతా మౌంట్ (కెమెరాకు లెన్స్ అతికే చోటు) మీద పడుతుంది. కొన్ని కాలర్లు కీలు మీద తెరుచుకుంటాయి. తిప్పడానికి నాబ్ వదులు చేస్తూ మరీ ఎక్కువ విప్పితే కాలర్ నోరు తెరిచి లెన్స్ బయటికొచ్చేస్తుంది. మీ లెన్స్‌ది ఏ రకమో ఇంటి దగ్గరే తేల్చుకోండి.

కాలు

ఎత్తు లెక్క తేలిక. నిటారుగా నిలబడి కంటి ఎత్తు కొలవండి, అందులోంచి హెడ్ ఎత్తు, కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ దాకా ఉన్న ఎత్తు తీసేయండి. పైకి గురిపెట్టే పని ఉంటే వ్యూఫైండర్ కిందికి దిగుతుంది కాబట్టి ఇంకో జానెడు ఎక్కువ ఉన్నది కొనండి. పొట్టిదైతే రోజంతా నడుము వంచాలి. ముక్కలు ఎక్కువైతే మడిచినప్పుడు చిన్నదవుతుంది గానీ అడుగు ముక్క సన్నబడి ఊగుతుంది. లాక్ తిప్పేదైనా మీట నొక్కేదైనా ఫర్వాలేదు. మీట లాక్ పడిందో లేదో చూపుకే తెలుస్తుంది, తిప్పే లాక్‌ని చేత్తో చూసుకోవాలి. కెమెరా పెట్టక ముందు ముక్కలన్నీ బిగించి, పైనుంచి రెండు చేతులతో గట్టిగా నొక్కండి. జారితే అప్పుడే జారాలి.

అడుగున మూడు చిన్న పాదాలున్న మోనోపాడ్‌లు వస్తున్నాయి. చూస్తే దానంతట అది నిలబడుతుందనే అనిపిస్తుంది. వీడియో తీసేటప్పుడు ఊగకుండా సాయం చేయడం వరకే వాటి పని. పెద్ద లెన్స్ పెట్టి చెయ్యి తీస్తే, గాలి వీచే దాకా కూడా ఆగదు. గోడకు ఆనించి పెట్టడమూ అంతే. దించాల్సి వస్తే నేల మీద పడుకోబెట్టండి.

పని దగ్గర

కర్ర అడుగును కొద్దిగా ముందుకు పెట్టి, కాళ్లు రెండూ వెడల్పుగా ఉంచి దానిమీద కాస్త వాలితే మీ కాళ్లతో కలిపి మూడు కాళ్లవుతాయి. మోచేతులు ఒంటికి ఆనించండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే మోనోపాడ్ మీద సాధారణంగా ఆన్‌లోనే ఉంచొచ్చు. పక్కకు తిప్పుతూ తీసేటప్పుడు దానికి విడిగా మోడ్ ఉందేమో లెన్స్ పుస్తకంలో చూడండి.

నడిచేటప్పుడు భుజాన వేసుకుంటే వెనకున్న వాళ్ల మొహానికి తగలకుండా చూసుకోవాలి, జనంలో అయితే నిలువుగా పట్టుకోవడమే నయం. కెమెరా పట్టీ మెడలోనో, లెన్స్ పట్టీ భుజానో ఉండాలి. హెడ్ వదిలినా పట్టీ పట్టుకుంటుంది. ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు వాళ్లు "పట్టుకున్నా" అని నోటితో అనేదాకా వదలొద్దు. స్టేడియాలు, మ్యూజియంలు కొన్ని మోనోపాడ్‌ని కూడా లోపలికి రానివ్వవు, ముందే అడిగి వెళ్లండి.

కెమెరాను జనం తలల మీదుగా ఎత్తి తీసే అలవాటున్న వాళ్లు ముందుగా పైకి చూడాలి. కరెంటు తీగల దగ్గర ఈ పని అస్సలు వద్దు. కార్బన్ ఫైబర్ కదా, షాక్ కొట్టదు అనుకునేవాళ్లున్నారు. కార్బన్ ఫైబర్‌లోంచి కూడా కరెంటు పారుతుంది. ఉరుములు వినబడితే మైదానంలో కర్ర ఎత్తి నిలబడొద్దు, దాన్ని మడిచి లోపలికి వెళ్లండి.

తడిసినా, ఇసుకలో దిగినా ఇంటికొచ్చాక ముక్కలన్నీ పొడవుగా లాగి తుడిచి ఆరబెట్టాలి. ఉప్పునీళ్లయితే ముందు మంచినీళ్లతో కడగాలి. బాల్ హెడ్‌లోని బంతికి మాత్రం నూనె, గ్రీజు ఏమీ పూయకండి. అది పట్టుకునేది రాపిడి వల్లే, జిడ్డు తగిలితే జారుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బ్యాగులో ప్లేట్‌కీ లెన్స్ ఫుట్‌కీ సరిపడే అలెన్ కీలు, ఒక అడాప్టర్ బిళ్ల, అదనంగా ఒక రబ్బరు బూటు వేసుకోండి. బురదలో ఆ బూటు ఊడి ఉండిపోవడం మామూలే.