పరీక్షలు రాసి అమెరికా డిగ్రీని త్వరగా పూర్తి చేయడం ఎలా?

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. కోర్సుకు 3 క్రెడిట్ల చొప్పున చూస్తే దాదాపు 40 కోర్సులు. వాటిలో చాలావాటిని క్లాసులో కూర్చోకుండా, ఒక్కోదానికి గంటన్నర పరీక్ష రాసి గట్టెక్కించవచ్చు. డిగ్రీ మధ్యలో ఆపేసి హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు, గ్రీన్‌కార్డు వచ్చాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లకు, అక్కడే హైస్కూల్లో చదువుతున్న పిల్లలకు ఇది బాగా పనికొచ్చే దారి.

‘ఆరు నెలల్లో డిగ్రీ’ లాంటి మాటలు మాత్రం నమ్మకండి. పరీక్ష పాసవడం ఇందులో తేలికైన పని. పాసై తెచ్చుకున్న క్రెడిట్ మీ డిగ్రీకి కావాల్సిన కోర్సుల పట్టికలో ఏ గడిలో పడుతుందో, అసలు పడుతుందో లేదో చూసుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు.

ముందు ఏ పరీక్షలున్నాయో తెలుసుకోండి

ప్రధానమైనది క్లెప్. శాట్ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే 1967 నుంచి దీన్నీ నడుపుతోంది. మొత్తం 34 సబ్జెక్టులున్నాయి. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. అది సిఫారసే, ఆదేశం కాదు. ఇచ్చేదీ మానేదీ కాలేజీ ఇష్టం.

రెండోది డీఎస్ఎస్‌టీ. మొదట సైనికుల కోసం పెట్టారు, ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు. రెండు గంటల పరీక్ష, 400 వస్తే పాస్. దీని విలువంతా ఒక్కచోట ఉంది: క్లెప్ క్రెడిట్లు దాదాపుగా మొదటి రెండేళ్ల స్థాయివే కాగా, డీఎస్ఎస్‌టీలో మనీ అండ్ బ్యాంకింగ్ లాంటి కొన్ని సబ్జెక్టులకు పై రెండేళ్ల స్థాయి క్రెడిట్ సిఫారసు ఉంది.

హైస్కూలు పిల్లలకైతే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు. ఏటా మే నెలలో జరుగుతాయి, స్కోరు 1 నుంచి 5. క్లెప్‌ను ఒప్పుకోని పేరున్న కాలేజీలు కూడా ఏపీలో 4, 5 వచ్చినవాళ్లకు ఏదో ఒక లాభం ఇస్తుంటాయి. కాబట్టి పిల్లవాడు ఏ కాలేజీకి వెళ్తాడో ఇంకా తేలకపోతే ఏపీయే మేలు.

కాలేజీని తేల్చుకోకుండా పరీక్ష కట్టకండి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కాలేజీ తేలకముందే ఐదారు పరీక్షలు రాసేసి, తర్వాత ‘మేం మూడే తీసుకుంటాం’ అనిపించుకునేవాళ్లు తక్కువేం లేరు. కాలేజీ వెబ్‌సైట్‌లో క్రెడిట్ బై ఎగ్జామినేషన్ పేజీ తెరవండి. ఈ ఐదు విషయాలకు జవాబు అక్కడ దొరక్కపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. ఫోన్లో అడిగినా సరే, జవాబు మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

1. ఏ పరీక్షకు ఎంత స్కోరు కావాలి? కొన్నిచోట్ల 50 చాలదు, 55 లేదా 60 అడుగుతారు.
2. మొత్తం మీద ఎన్ని పరీక్ష క్రెడిట్లు తీసుకుంటారు? 30కే ఆపేసే కాలేజీలున్నాయి, 90 దాకా తీసుకునేవీ ఉన్నాయి.
3. ఇచ్చేది క్రెడిట్టా, ఊరికే మినహాయింపా? మినహాయింపంటే ఆ కోర్సు చదవక్కర్లేదు, అంతే. 120లో ఆ 3 క్రెడిట్లు లోటుగానే ఉంటాయి. వేరే కోర్సుతో పూడ్చాలి.
4. అది ఏ కోర్సుకు సమానం? మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) పడుతుందా, ఎలక్టివ్‌లోనా (ఐచ్ఛిక కోర్సుల్లోనా)? ఎలక్టివ్ గళ్లు నిండిపోయాక ఇంకో ఎలక్టివ్ క్రెడిట్ వచ్చినా చెల్లని నోటే.
5. ఆ కాలేజీలోనే తప్పనిసరిగా చదవాల్సిన క్రెడిట్లు ఎన్ని? మామూలు యూనివర్సిటీల్లో 30 వరకు ఉంటుంది.

బయటి క్రెడిట్లను అందరికంటే ఉదారంగా తీసుకునే గుర్తింపు పొందిన సంస్థలుగా మూడింటికి పేరుంది: న్యూజెర్సీలోని థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, కనెక్టికట్‌లోని చార్టర్ ఓక్ స్టేట్ కాలేజీ, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎక్సెల్సియర్ యూనివర్సిటీ. మూడూ 1970ల మొదట్లో, ఉద్యోగాలు చేసుకునే పెద్దల కోసమే పుట్టినవి. థామస్ ఎడిసన్‌కైతే టీసెప్ పేరుతో సొంత పరీక్షలూ ఉన్నాయి. వీటిలోనూ క్యాప్‌స్టోన్ (డిగ్రీ చివర చేసే ముగింపు కోర్సు) లాంటి ఒకటి రెండు కోర్సులు అక్కడే చేయాలి. పూర్తిగా పరీక్షలతోనే డిగ్రీ చేతికొస్తుందని ఎవరైనా చెబితే పక్కకు తప్పుకోండి.

మెడిసిన్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే బయాలజీ, కెమిస్ట్రీలను క్లెప్‌తో దాటేయకండి. మెడికల్ స్కూళ్లు ల్యాబ్‌తో సహా క్లాసులో చదివిన గ్రేడు అడుగుతాయి.

ఇండియాలో చదివింది వృథా పోనివ్వకండి

ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో రెండేళ్లు డిగ్రీ చదివి ఆపేసినా ఆ మార్కుల మెమోలకు విలువ ఉంది. వాటిని కోర్సుల వారీగా మదింపు చేయించాలి. ఏ ఏజెన్సీ నివేదిక ఒప్పుకుంటారో ముందు కాలేజీనే అడగండి. నేసెస్ (విదేశీ చదువులను మదింపు చేసే ఏజెన్సీల సంఘం) సభ్యసంస్థ ఏదైనా చాలని చాలాచోట్ల అంటారు, కొన్ని మాత్రం ఫలానాదే కావాలంటాయి. మెమోలు యూనివర్సిటీ నుంచి సీల్డు కవర్లో రావాలంటే నెలలు పట్టొచ్చు. అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే.

ఈ నివేదిక వచ్చేదాకా ఆయా సబ్జెక్టుల్లో క్లెప్ రాయకండి. బీకాంలో చదివిన అకౌంటెన్సీకి కాలేజీ 3 క్రెడిట్లు ఇచ్చాక, మీరు ఫైనాన్షియల్ అకౌంటింగ్ క్లెప్ కూడా పాసయ్యారనుకోండి. రెండూ ఒకే కోర్సు కింద లెక్క. ఒక్కసారే ఇస్తారు. పరీక్ష ఫీజు, నెల రోజుల చదువు రెండూ గంగలో కలిసినట్టే.

పట్టిక గీయండి

డిగ్రీకి కావాల్సిన ప్రతి కోర్సునూ ఒక ఎక్సెల్ షీట్‌లో వరుసగా రాయండి. పక్కన మూడు గళ్లు: ఇండియా నుంచి వచ్చింది, పరీక్షతో రావాల్సింది, క్లాసులో చదవాల్సింది. బిజినెస్ డిగ్రీ చదివేవారి పరీక్షల గడి ఇలా ఉండొచ్చు: కాలేజ్ కాంపోజిషన్ 6, నేచురల్ సైన్సెస్ 6, కాలేజ్ ఆల్జీబ్రా 3, సైకాలజీ 3, సోషియాలజీ 3, అమెరికన్ గవర్నమెంట్ 3, మాక్రో ఎకనామిక్స్ 3, మైక్రో 3, మేనేజ్‌మెంట్ 3, మార్కెటింగ్ 3, అకౌంటింగ్ 3, బిజినెస్ లా 3, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ 3, హ్యుమానిటీస్ 3. పద్నాలుగు పరీక్షలు, 48 క్రెడిట్లు.

అంటే నలభై శాతం. మిగతాదాంట్లో పెద్ద భాగం పై రెండేళ్ల కోర్సులు. ఆ గళ్లు నింపడానికి పరీక్షలు తక్కువ, అసలు సమయం పట్టేది అక్కడే. అందుకే పై స్థాయి కోర్సులు క్లాసులో చదువుతూ, పక్కపక్కనే కింది స్థాయి పరీక్షలు రాసుకుంటూ పోవడం మంచి పద్ధతి. పరీక్షలన్నీ అయ్యాక అడ్మిషన్ చూద్దాంలే అంటే ఏడాది వెనకబడతారు.

ఏది ముందు రాయాలి?

ఇంటర్ ఎంపీసీ చేసినవాళ్లకు కాలేజ్ ఆల్జీబ్రా పెద్ద కష్టం కాదు: 90 నిమిషాలు, సుమారు 60 ప్రశ్నలు. లెక్కలు మరిచిపోయినా రెండు వారాల్లో పట్టు చిక్కుతుంది. ధైర్యం కోసం దానితో మొదలుపెట్టండి. కాలిక్యులస్‌లో మాత్రం మనవాళ్లు ఊహించని చోట తడబడతారు. మొదటి భాగానికి కాలిక్యులేటర్ ఉండదు, అది మనకు అలవాటే. రెండో భాగానికి తెరమీద గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఇస్తారు. ఇంటర్‌లో దాన్ని ముట్టి ఎరగం. లెక్క వచ్చి, బటన్ ఎక్కడుందో తెలియక నిమిషాలు కరిగిపోతాయి. క్లెప్ సైట్ చూపించే కాలిక్యులేటర్ మీద ముందే చేయి తిప్పండి.

మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ 90 నిమిషాల్లో వంద ప్రశ్నలు. ప్రశ్నకు 54 సెకన్లు. సబ్జెక్టు లోతు తక్కువ, పదజాలం ఎక్కువ. అమెరికన్ గవర్నమెంట్, యూఎస్ హిస్టరీ అక్కడ బడికి వెళ్లనివాళ్లకు కొత్త. మూడో తరగతి నుంచి వింటూ పెరిగినవాళ్లతో పోటీ కాబట్టి రెట్టింపు సమయం పెట్టుకోండి.

కాలేజ్ కాంపోజిషన్ విషయంలో జాగ్రత్త. ఇందులో 50 బిట్లతోపాటు రెండు వ్యాసాలు టైపు చేయాలి. మొదటిది 30 నిమిషాల్లో మీ వాదన. రెండోది 40 నిమిషాల్లో, వాళ్లిచ్చిన రెండు ఆధారాలు చదివి, వాటిని ఎక్కడ వాడారో చూపిస్తూ రాయాలి. ఆధారాల్లోని వాక్యాలను కలిపి కుట్టేసి మన మాట చెప్పకపోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. ఇదే పేరుతో మాడ్యులర్ అని ఇంకోటుంది. దాన్ని ఒప్పుకోని కాలేజీలున్నాయి, కనుక్కున్నాకే కట్టండి.

ఇక తెలుగు. క్లెప్‌లో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ మాత్రమే ఉన్నాయి. కానీ ఆక్ట్‌ఫుల్ అనే అమెరికా భాషా బోధన సంస్థ నిర్వహించే ఓపీఐ అనే మౌఖిక పరీక్ష తెలుగులో కూడా ఉంది. శిక్షణ పొందిన పరీక్షకులు ఫోన్లో 15 నుంచి 30 నిమిషాలు మాట్లాడించి స్థాయి నిర్ణయిస్తారు. విదేశీ భాష గడి ఖాళీగా ఉంటే మీ కాలేజీ దీన్ని తీసుకుంటుందేమో తప్పక అడగండి. ‘మా అమ్మాయి ఇంట్లో గలగలా మాట్లాడుతుంది’ అన్నది మాత్రం చాలదు. వంటింటి తెలుగు దాటి ఒక వార్త మీద అభిప్రాయం చెప్పి, దాన్ని సమర్థించుకోగలిగితేనే పై స్థాయి వస్తుంది.

చదవడం, ఫీజు మాఫీ చేయించుకోవడం

క్లెప్ ఫీజు ఒక్కో పరీక్షకు 95 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. దాని మీద టెస్ట్ సెంటర్ వాళ్ల రుసుము వేరు. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ సబ్జెక్టులకు ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. కోర్సు పూర్తి చేసి, క్విజ్‌లలో వాళ్లడిగిన మార్కులు తెచ్చుకుంటే పరీక్ష ఫీజుకు వోచర్ ఇస్తారు. వరుస తప్పకండి: ముందు కోర్సు, తర్వాత వోచర్, ఆ తర్వాతే కాలేజ్ బోర్డ్ సైట్‌లో రిజిస్ట్రేషన్. ముందే కార్డుతో ఫీజు కట్టేసి వోచర్ అడిగితే ప్రయోజనం లేదు. టెస్ట్ సెంటర్ రసీదు పారేయకండి, ఆ డబ్బు కూడా తిరిగిచ్చే ఏర్పాటు ఉంటే ఆ రసీదు అడుగుతారు.

ఆ కోర్సు ఒక్కటే చాలుననుకోవద్దు. ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు ఉచితం, వాటిని పక్కన పెట్టుకోండి. కాలేజ్ బోర్డ్ ప్రతి పరీక్షకూ ఏ అంశం ఎంత శాతమో ప్రకటిస్తుంది. దాన్ని బట్టే రోజులు పంచుకోండి. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఒక పరీక్షకు సరిపోతుంది. మాక్ టెస్టులో వరుసగా రెండుసార్లు 65 నుంచి 70 శాతం దాటాక తేదీ వేసుకోండి. అంతకు ముందొద్దు, ఎందుకంటే తప్పితే అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. డీఎస్ఎస్‌టీకైతే 30 రోజులు.

పరీక్ష రోజు

పేరు దగ్గరే తెలుగువాళ్లకు తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, డ్రైవింగ్ లైసెన్సులో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని, కాలేజీ రికార్డులో పెళ్లయ్యాక మారిన పేరు. గుర్తింపు కార్డులో పేరూ రిజిస్ట్రేషన్ పేరూ కలవకపోతే సెంటర్లో కూర్చోనివ్వరు. కాలేజీ రికార్డుతో కలవకపోతే స్కోరు వెళ్లి ఎక్కడో చిక్కుకుంటుంది. మూడింటినీ నెల ముందే ఒకటి చేసుకోండి.

నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ అలవాటుతో ప్రశ్నలు వదిలేయకండి, చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి గుర్తించండి. పరీక్షకు ముందే స్కోరు ఏ కాలేజీకి పంపాలో అడుగుతారు. అప్పుడు చెబితే ఉచితం, తర్వాతైతే ట్రాన్స్‌క్రిప్టుకు డబ్బు కట్టాలి. కాంపోజిషన్ లాంటి, వ్యాసాలు రాయాల్సినవి తప్ప మిగతావాటి స్కోరు అక్కడికక్కడే తెరమీద కనిపిస్తుంది.

ఇంట్లోంచే రాసే ఏర్పాటూ ఉంది. గదిలో మరెవరూ ఉండకూడదు. కాఫీ తెచ్చిన అత్తగారు కెమెరాలో కనబడినా పరీక్ష ఆగిపోవచ్చు. చుట్టాలున్న ఇంట్లో అయితే సెంటర్‌కు వెళ్లడమే నయం.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు

పరీక్ష క్రెడిట్లు సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ కింద లెక్కకు రావు. క్లెప్ పాసయ్యాను కదా అని డిగ్రీ విద్యార్థి 12 క్రెడిట్ల కంటే తక్కువ కోర్సులు తీసుకుంటే స్టేటస్‌కే ముప్పు. ఏ కోర్సు వదులుకునే ముందైనా ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోండి. ఆర్థిక సాయం పొందేవాళ్లకూ ఇలాంటి లెక్కే ఉంటుంది, స్కాలర్‌షిప్ షరతులు మరోసారి చదవండి. పరీక్ష క్రెడిట్లకు గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏ పెరగదు, తగ్గదు. ఎమ్మెస్‌కు వెళ్లే ఉద్దేశముంటే మేజర్ సబ్జెక్టులు క్లాసులోనే చదివి మంచి గ్రేడు తెచ్చుకోండి.

స్కోరు పంపాక

మూడు నాలుగు వారాల్లో కాలేజీ పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ (ఏ కోర్సు గడి నిండిందో చూపే నివేదిక) తెరిచి, మీ ఎక్సెల్ షీట్ పక్కన పెట్టి గడి గడీ సరిచూడండి. క్రెడిట్ అస్సలు ఎక్కకపోవచ్చు, మేజర్‌లో పడాల్సింది ఎలక్టివ్‌లో పడి ఉండొచ్చు. ముందు రాతపూర్వకంగా తీసుకున్న జవాబును జతచేసి రిజిస్ట్రార్‌కు మెయిల్ పెడితే చాలావరకు సరిచేస్తారు. చివరి కోర్సు నడుస్తుండగానే గ్రాడ్యుయేషన్ దరఖాస్తు వేయండి. దానికి విడిగా ఫీజు, విడిగా గడువు ఉంటాయి. 120 క్రెడిట్లూ నిండినా గడువు దాటితే పట్టా మరో విడతకు వాయిదా పడుతుంది.