ఇల్లు ఇచ్చి ఇల్లు తీసుకుందాం: విశాఖ, అరకు సెలవుల ప్లాన్

విశాఖలో వారం పది రోజులు ఉండి, మధ్యలో అరకు కొండలు కూడా చూసి రావాలంటే పెద్ద ఖర్చు టికెట్లది కాదు, హోటల్‌ది. అత్తగారు, పిల్లలు ఉంటే ఒక్క గది చాలదు. మూడు పూటలా బయటి తిండి. మూడో రోజుకి పిల్లలు చారన్నం అడుగుతారు. అందుకే మేం కొన్నేళ్లుగా ఇళ్లు మార్చుకుంటున్నాం. మాది కూకట్‌పల్లి. మావారి పాత కొలీగ్ కుటుంబం విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటుంది. దసరా సెలవుల్లో వాళ్లు మా ఫ్లాట్‌కి వస్తారు, మేం వాళ్ల ఫ్లాట్‌కి వెళతాం. అద్దె మాటే ఉండదు.

నేను స్కూల్ టీచర్ని. 1953లో యూరప్‌లో కొందరు టీచర్లు సెలవుల కోసం ఇలాగే ఇళ్లు మార్చుకుంటూ ఇంటర్‌వాక్ అనే సంస్థ పెట్టుకున్నారని ఎక్కడో చదివినప్పుడు చాలా సంతోషం వేసింది. సెలవులు ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకే తట్టే ఆలోచన ఇది. ఇప్పుడు హోమ్‌ఎక్స్‌చేంజ్ లాంటి సైట్లున్నాయి. వాటిలో ఇద్దరూ ఒకేసారి మారాల్సిన పని కూడా లేదు. మన ఇంట్లో ఎవరైనా ఉంటే పాయింట్లు వస్తాయి, వాటితో తర్వాత ఇంకెవరి ఇంట్లోనైనా ఉండొచ్చు. విదేశాలకు వెళ్లేవాళ్లకి అది బాగుంటుంది. మన రాష్ట్రాల మధ్య మాత్రం తెలిసినవాళ్లు, లేదా తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లే మేలని నా అభిప్రాయం. ఎదుటివాళ్ల గురించి ఒక్క ఫోన్‌తో కనుక్కోవచ్చు.

ముందు తేదీలు తేల్చండి. తేదీలు ఊరిని బట్టి కాదు, కొండల్ని బట్టి పెట్టుకోవాలి. బీచ్, సబ్‌మెరీన్ మ్యూజియం, జగదాంబ సెంటర్ ఏ నెలలో వెళ్లినా ఉంటాయి. కొండలకి మాత్రం దేని కాలం దానికి ఉంది. వానలు తగ్గుముఖం పట్టే దసరాకి జలపాతాల నిండా నీళ్లుంటాయి, కొండలన్నీ పచ్చగా ఉంటాయి. నవంబర్‌లో అరకు చుట్టుపక్కల వలిసె పూలు పూసి పొలాలు పసుపుపచ్చగా మారిపోతాయి. డిసెంబర్, జనవరిల్లో లంబసింగి పొగమంచు. మాకు స్కూళ్లున్నాయి కాబట్టి దసరానే కుదురుతుంది. రెండు రాష్ట్రాల దసరా సెలవులు ఒకే రోజున మొదలై ఒకే రోజున అయిపోవు. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని కలిసే రోజులే తీసుకోండి. ఇంకోటి, అక్టోబర్ అంటే బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖని తాకింది 2014 అక్టోబర్ 12న. అందుకని కొండల్లో బుక్ చేసే గదులు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చేవే చూసుకోండి. వాయుగుండం అని వార్త వస్తే ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. సంక్రాంతికి ఈ మార్పిడి పెట్టుకోకండి. ఎవరి ఊరు వాళ్లు వెళ్లాలి, ఇంటికి చుట్టాలొస్తారు.

తేదీలు ఖాయమయ్యాక అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగాలి. మన ఇళ్లల్లో మొదటి ప్రశ్న వంటింటిదే. విశాఖ వెళ్లి చేపలు తినకుండా మావాళ్లు ఉండరు. వాళ్లేమో గుడ్డు కూడా వండరు. "వదినా, నాన్‌వెజ్ వండుకోవచ్చా, వద్దా? ఏదైనా పర్లేదు, చెప్పండి" అని నేరుగా అడిగాను. "వంటింట్లో వద్దు వదినా. వెనక బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెడతాను, గిన్నెలు వేరే తీసి ఉంచుతాను" అన్నారావిడ. రెండు నిమిషాల్లో తేలిపోయింది. పూజగదిలోకి వెళ్లొచ్చా, దీపం మనం పెట్టాలా, తులసికి నీళ్లెవరు పోస్తారు, పనమ్మాయి వస్తుందా, ఆ రోజుల జీతం ఎవరిది, పెద్దవాళ్లకి వెస్టర్న్ టాయిలెట్ ఉందా, లిఫ్ట్ ఉందా, ఇన్వర్టర్ ఉందా, ఇవన్నీ కూడా ఫోన్లోనే అయిపోవాలి. జీతం విషయంలో మా పద్ధతి ఇది: ఎవరింటి పనమ్మాయికి వాళ్లే ఎప్పటిలాగే ఇస్తారు, ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు పైన కొంత ఇచ్చి వెళతారు.

బండ్లు, కార్లు మాత్రం మేం మార్చుకోం. చిన్న గీత పడినా మనసులో ఉండిపోతుంది. విశాఖలో ఆటోలు, క్యాబులు దొరుకుతాయి, కొండలకి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవడమే నయం.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ముందే చెప్పండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా బంధువులు ఉంటారని పేర్లు, ఫోన్ నంబర్లు రాసి వాచ్‌మన్‌కి ఒక కాగితం ఇవ్వండి, గేట్ యాప్ ఉంటే అందులో కూడా ఎక్కించండి. నగలు లాకర్లో, కాగితాలు బీరువాలో పెట్టి, ఆ ఒక్క బీరువాకి తాళం వేసుకోండి. "ఇది తెరవకండి" అని చెప్పడంలో తప్పేం లేదు. మిగిలిన ఇల్లంతా మనస్ఫూర్తిగా ఇవ్వాలి. ఒక అలమరలో రెండు అరలు, ఫ్రిజ్‌లో సగం ఖాళీ చేసి పెడితే వచ్చినవాళ్లకి చుట్టపుచూపు అనిపించదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంటి నోట్‌బుక్. ఫోన్లో మెసేజ్‌గా పంపితే చాలదు, పుస్తకంలో రాసి వంటింట్లో పెట్టాలి. అప్పుడు అత్తగారు కూడా చదువుకోగలరు. విశాఖ వదినగారు రాసింది చూసి నేను నాది మళ్లీ రాశాను. ఆవిడ పుస్తకంలో మొదటి పేజీ: "కొళాయి నీళ్లు పొద్దున్నే వస్తాయి, తాగే నీళ్లు అప్పుడే పట్టుకోవాలి. మోటార్ స్విచ్ ఫ్రిజ్ వెనక. ఉప్పుగాలికి బాల్కనీ తాళం బిగుసుకుంటుంది, తాళంచెవికి ఒక చుక్క కొబ్బరినూనె రాసి తిప్పండి. బట్టలు చీకటి పడకముందే లోపలికి తీయండి, లేకపోతే మళ్లీ చెమ్మ పడతాయి." రెండో పేజీలో గ్యాస్ బండ ఎప్పుడు పెట్టారు, రెండో బండ ఎక్కడుంది, ఎలక్ట్రీషియన్ నంబర్, దగ్గర్లోని క్లినిక్, రాత్రి తెరిచుండే మందుల షాపు. మూడో పేజీ నిండా రైతు బజార్‌లో ఏ పూట కూరలు తాజాగా ఉంటాయి, పాల ప్యాకెట్లు ఎక్కడ, ముంత మసాలా ఎవరి బండి దగ్గర తినాలి. ఏ హోటల్లో దిగినా ఈ పేజీ దొరకదు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే కూర్చోండి. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ పగటి ప్రయాణం. మాకు రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్సే ఇష్టం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. వాళ్లు కూడా అదే సాయంత్రం అటు నుంచి గోదావరే ఎక్కుతారు, రాత్రి ఎక్కడో రెండు రైళ్లూ ఒకదాన్నొకటి దాటతాయి. ఇలా ఒకేసారి కదిలితే తాళాలు చేతికి చేతికి ఇచ్చుకోవడం కుదరదు. పక్కింటివాళ్లకి ఇచ్చి, రెండో జత వాచ్‌మన్ దగ్గర కాకుండా అదే ఊళ్లో ఉన్న ఒక బంధువు దగ్గర ఉంచండి.

ఇక రోజుల లెక్క. తొమ్మిది రోజులుంటే శనివారం దిగి, తర్వాతి ఆదివారం బయల్దేరేలా పెట్టుకోండి. మొదటి రెండు రోజులు ఊళ్లోనే. సోమవారం ఇంటి పనులు, బట్టలు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా కొండలు. చివరి వారాంతం మళ్లీ ఊరు. శని, ఆదివారాల్లో అరకు ఘాట్ రోడ్డు మీద కార్ల బారు కదలదు, గదుల రేట్లూ పెరుగుతాయి. వారం మధ్యలో వెళితే ఆ కొండలు మనకే వదిలేసినట్టుంటాయి. పైగా పెద్ద సూట్‌కేసులన్నీ ఎంవీపీ కాలనీలోనే ఉంటాయి, మనిషికో సంచితో కొండెక్కొచ్చు. ఇల్లు చేతిలో ఉన్నందుకు అసలు లాభం ఇదే. హోటల్ అయితే ఆ మూడు రాత్రులకీ గది ఖాళీ చేయాలి, లేదా రెండు చోట్లా డబ్బు కట్టాలి.

ఊళ్లో రోజులకి పెద్ద ప్లాన్ అక్కర్లేదు. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్, సాయంత్రం ఆర్కే బీచ్. అక్కడ నీళ్లలో మోకాలి లోతు కూడా దిగొద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి, లోపలికి లాగే అలలు అవి. ఒక పూట భీమిలి రోడ్డు పట్టుకుని తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు చూసి రండి. దిబ్బల్లో ఎండ లేనప్పుడే నడవాలి.

అరకుకి వెళ్లేటప్పుడు తప్పకుండా రైల్లో వెళ్లండి. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే బయల్దేరుతుంది. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ ఉంది, టికెట్లు తెరిచిన రోజే అయిపోతాయి. దొరక్కపోతే బాధపడకండి, మామూలు బోగీ కిటికీలో గాలి కూడా వస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైన్ ఇది. మొత్తం లైన్‌లో 58 సొరంగాలున్నాయి. సొరంగం రాగానే బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేకలేస్తారు, బయటికి రాగానే ఎదురుగా లోయ, ఇంతలో మళ్లీ చీకటి. ఇడ్లీ, పులిహోర ఇంట్లోనే చేసి కట్టుకెళ్లండి, వంటిల్లు ఉండి కూడా బిస్కెట్లతో సరిపెట్టుకోవడం ఎందుకు?

అరకులో రెండు రాత్రులు, పాడేరులో ఒకటి. అరకులో ఏపీ టూరిజం హరిత రిసార్ట్ ముందే బుక్ చేసుకోండి. అక్కడి నుంచి కారు మాట్లాడుకుని బొర్రా గుహలు చూడండి. మెట్లు తడిగా ఉంటాయి, పెద్దవాళ్లకి గట్టి పట్టున్న చెప్పులు వేయించండి. ఆ గుహల కింద పారే గోస్తనీ నదే తాటిపూడి రిజర్వాయర్ దాటుకుని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖకి తాగునీళ్లిచ్చే చోట్లలో తాటిపూడి ఒకటి. పొద్దున ఎంవీపీ కాలనీలో బిందె పట్టిన పిల్లలకి ఆ నదిని గుహ దగ్గర చూపిస్తే ఎంత శ్రద్ధగా విన్నారో.

పాడేరు నుంచి తెల్లవారుజామున వంజంగి కొండ. చీకట్లో నడక ఉంటుంది, టార్చ్, స్వెట్టర్ కావాలి. పైన మన కాళ్ల కింద మేఘాలు పరుచుకుని ఉంటాయి, సూర్యుడు వాటి మీద వస్తాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఎక్కించొద్దు. మా అత్తగారు పాడేరులో మోదకొండమ్మ గుడికి వెళ్లి హాయిగా కూర్చున్నారు. పెద్దవాళ్లు మంచు చూడాలంటే చలికాలంలో లంబసింగి పెట్టుకోండి, అక్కడ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. తిరుగు ప్రయాణం పాడేరు నుంచి మాడుగుల మీదుగా అయితే మాడుగుల హల్వా కొనుక్కోవచ్చు. ఏజెన్సీలో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఫోన్‌పే మీదే ఆధారపడకుండా చిల్లర నోట్లు ఉంచుకోండి. తిన్న ప్లాస్టిక్ అంతా సంచిలో వేసుకుని కిందికి తెచ్చేయండి, అక్కడ అది ఎత్తేవాళ్లు ఉండరు.

అవతల మన ఇంటికి వచ్చినవాళ్లకి కూడా ఇలాగే ఊరూ అడవీ రెండూ అమర్చి పెట్టాలి. నా నోట్‌బుక్‌లో నల్లా టైము, గేట్ యాప్ తర్వాత గోల్కొండ, చార్మినార్, సద్దుల బతుకమ్మ రోజు ట్యాంక్‌బండ్ రాశాను. అడవికి శ్రీశైలం రోడ్డు. మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు వదలరు, కాబట్టి చీకటి పడకముందే దాటేలా బయల్దేరమని పెద్ద అక్షరాలతో రాశాను. వానల తర్వాత మల్లెలతీర్థం బాగుంటుంది, మెట్లు వందల్లో ఉంటాయని కూడా చెప్పాలి. నవరాత్రుల్లో శ్రీశైలం గుడి కిటకిటలాడుతుంది, దర్శనం ముఖ్యం కాకపోతే అడవి చూసి వెనక్కి రమ్మన్నాను.

వెళ్లేముందు రోజు దుప్పట్లు ఉతికి ఆరేయండి, ఫ్రిజ్‌లో మిగిలినవి తీసేయండి, కాఫీ పొడి, పాలు మాత్రం ఒక పూటకి సరిపడా ఉంచండి. దిగిన రోజు, వదిలే రోజు కరెంట్ మీటర్ ఫోటో తీసి పంపుకుంటే బిల్లు దగ్గర మాట రాదు. ఏదైనా పగిలినా, పాడైనా అవతలివాళ్లు చూసేలోపే మీరే చెప్పండి, కొనిచ్చేయండి. ఇల్లు చేరిన వారంలో రెండు కుటుంబాలూ ఒకసారి మాట్లాడుకుని, పుస్తకంలో ఏది చేర్చాలో రాసుకోండి. వచ్చే ఏడాది ఎవరింట్లో టెన్త్, ఇంటర్ పరీక్షలున్నాయో కూడా అప్పుడే కనుక్కోండి. మా వాడికి వచ్చే ఏడాది టెన్త్, అందుకని దసరాకి బదులు పరీక్షలయ్యాక మే నెలకి మాట్లాడుకున్నాం.