మచ్చికైన పొట్టేలుతోనే జాగ్రత్త

హైదరాబాద్ చుట్టుపక్కల శంషాబాద్, చేవెళ్ల, ఘట్‌కేసర్ వైపు ఎకరం, రెండెకరాల్లో పది పదిహేను గొర్రెలు పెట్టుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్క దగ్గరే. మనిషిని చూసి దగ్గరికొచ్చే పొట్టేలును సాధువనుకుంటారు, దూరం జరిగేదాన్ని పొగరుదనుకుంటారు. తిరగబడేది మొదటిదే. సీసా పాలతో పెరిగిన మగపిల్లకు మనిషంటే జంకు ఉండదు. ఎదిగాక మిమ్మల్ని కూడా మందలో ఇంకో పొట్టేలుగా లెక్కగట్టి బలం చూసుకోవడానికి వస్తుంది. అలాంటి పిల్లకు రెండు మూడు నెలల వయసులో పశువైద్యుడితో విత్తులు కొట్టించి మాంసానికి పెంచుకోండి. విత్తనానికి మాత్రం ఉంచొద్దు.

కొనేటప్పుడు ధర మాట్లాడకముందే కంచె బయట పది నిమిషాలు నిలబడి చూడండి. తర్వాత లోపలికి అడుగుపెట్టండి. మంచి పొట్టేలు తలెత్తి చూస్తుంది, నాలుగడుగులు జరిగి గొర్రెల్లో కలిసిపోతుంది. అలా కాకుండా చూపు తిప్పకుండా నిలబడి, తల వంచి, ముందుకాలితో నేల గీరి, వెనక్కి అడుగులేసిందంటే బేరం అక్కడే ఆపండి. వెనక్కి వెళ్లడం భయం కాదు, ఉరకడానికి జాగా తీసుకోవడం. ఇవేవీ లేకపోతే పట్టి చూడండి: దవడ కింద ఒక చెయ్యి, తోక మొదట్లో ఒక చెయ్యి వేసి గోడకు ఆనించాలి. కాసేపు గింజుకోవడం మామూలే. వదిలాక మందలోకి పోతే సరే, తిరిగి మీకేసి వస్తే వద్దు.

వయసు కూడా లెక్కే. రెండు పళ్ల (పాలపళ్లు ఊడి రెండు పెద్ద పళ్లొచ్చిన, ఏడాది, ఏడాదిన్నర వయసు) పొట్టేలు గుణం ఇంకా పూర్తిగా బయటపడదు. నాలుగు పళ్లదైతే (దాదాపు రెండేళ్లది) ఒక ఎద కాలం దాటి ఉంటుంది, దాని తీరు మేపేవాళ్లకు తెలుస్తుంది. హైదరాబాద్‌లోని జియాగూడ గొర్రెల మార్కెట్లో రద్దీ మధ్య గుణం అంచనా వేయలేం. విత్తనపు పొట్టేలును గొల్ల కురుమల మందల్లోనే చూసి కొనడం మంచిది. నెల్లూరు జాతైనా దక్కనీ అయినా మగవాటికి కొమ్ములుంటాయి కాబట్టి జాతి మార్చి తప్పించుకోలేం. పందేలకు పెంచినదాన్ని చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, పైగా ఆ అలవాటు మాన్పించడం దాదాపు అసాధ్యం.

ఇంటికి తెచ్చాక మొదటి నియమం: నుదురు ముట్టొద్దు. అరచేత్తో నుదురు నెట్టడం దానికి పోటీకి పిలుపు. బక్రీద్ ముందు వీధుల్లో పిల్లలు ఆడేది ఈ ఆటే. నిమరాలనిపిస్తే గడ్డం కింద నిమరండి. కొమ్ములు పట్టి లాగొద్దు. దాణా చేత్తో తినిపించొద్దు. తొట్టిని కంచెకు ఆనించి పెట్టి బయటి నుంచే పోయండి. 40 కిలోల పొట్టేలు వెనక నుంచి వచ్చి తగిలితే మోకాలు పోతుంది. అందుకే లోపలున్నంతసేపూ వీపు చూపొద్దు, వంగి పని చేయాలంటే ముందు దాన్ని వేరే గదిలోకి తోలండి. మీదికొస్తే పరుగెత్తకుండా పక్కకు తప్పుకుని గేటు చేరండి. కర్రతో కొడితే బుద్ధి వస్తుందనుకోవడం వట్టి భ్రమ. తలమీద దెబ్బ దానికి పోటీలో భాగమే.

పొట్టేలుకు విడిగా 35–40 చదరపు అడుగుల గది కావాలి. చైన్‌లింక్ జాలిలో కొమ్ములు ఇరుక్కుంటాయి, రెండు నెలల్లో జాలి సాగిపోతుంది. రాతి కడీలకు జీఐ పైపులు బిగించి, నాలుగున్నర అడుగుల ఎత్తు వరకు కట్టండి. ఒంటరిగా మాత్రం ఉంచొద్దు, విత్తులు కొట్టిన మరో పొట్టేలును తోడు పెడితే నిమ్మళంగా ఉంటుంది. వానలు మొదలై గొర్రెలు ఎదకొచ్చే రోజుల్లో సాధువు కూడా చిరాకు పడుతుంది, అప్పుడు కొత్త మనుషుల్ని దొడ్డిలోకి పంపకండి. 25–30 గొర్రెలకు ఒకటి చాలు. చిన్న మందలో రెండు విత్తనపు పొట్టేళ్లంటే పోట్లాట కొని తెచ్చుకోవడమే.

తప్పనిసరై రెండింటిని కలపాల్సి వస్తే ఒకేసారి మైదానంలోకి వదలకండి. దూరం నుంచి ఉరికి ఢీకొంటే మెడ విరిగి చచ్చేవి ఉన్నాయి. వెనక్కి అడుగేసే జాగా లేనంత ఇరుకు గదిలో, నీళ్లు అందేలా, ఒకటి రెండు రోజులు ఉంచాలి. దగ్గర నుంచి నెట్టుకుంటాయి గానీ ఊపు అందదు, వాసన అలవాటవుతుంది. ఎండాకాలంలో అయితే ఈ పని పెట్టుకోకండి, ఇరుకులో వడదెబ్బ తగులుతుంది. తర్వాత పెద్ద దొడ్డిలోకి వదిలినప్పుడు గంటసేపు అక్కడే ఉండి గమనించండి.

మనిషి మీదికి రెండోసారి ఉరికినదాన్ని మాంసానికి అమ్మేయండి, ఇంకొకరికి విత్తనానికి అంటగట్టొద్దు. గుణం కొంత రక్తంలోనే దిగుతుంది.

ఎద రోజులు కాకపోయినా నెమ్మదిగా ఉన్నది ఉన్నట్టుండి మారితే మాత్రం అది గుణం కాదు, రోగం కావొచ్చు. గుండ్రంగా తిరుగుతూ తల ఒక పక్కకు వాల్చితే మెదడులో బద్దెపురుగు తిత్తి అయి ఉండొచ్చు. చొంగ కారుస్తూ, ఆగకుండా అరుస్తూ, కనిపించినదాన్నల్లా కుమ్ముతుంటే, అంతకుముందు వీధికుక్క కరిచి ఉంటే రేబిస్ అనుకుని వ్యవహరించండి. గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. దూరం నుంచే గది మూసి పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. చొంగ గాయానికి తగిలితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో దగ్గర్లోని సర్కారు దవాఖానకో టీకాకు వెళ్లండి.