బడి తెరవకముందే: చెయ్యి చేసుకునే చిన్నపిల్లలున్న తరగతికి కొన్ని జాగ్రత్తలు

జూన్ 12 దగ్గరపడుతోంది. బడి తెరిచాక మొదటి వారమంతా పుస్తకాలు పంచడం, యూనిఫాం కొలతలు, ఆన్‌లైన్ ఎంట్రీలతోనే సరిపోతుంది. ఆ హడావిడిలో ఒకటో తరగతి వాడు పక్కవాణ్ణి కొరికాడనో, రెండో తరగతి పిల్ల పలకతో ఎవరి నెత్తినో కొట్టిందనో వినబడితే "ఇటు రా" అని పిలిచి, రెండు తగిలించి, మళ్లీ ఎంట్రీల్లో పడిపోతాం. నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో మొదటి ఆరేళ్లు నేనూ అదే చేశాను. తర్వాత మెల్లగా తెలిసొచ్చింది. తరగతిలో గొడవకి ఒక టైమూ, ఒక చోటూ ఉంటాయి. అవి కనిపెడితే సగం గొడవలు మొదలవకుండానే ఆగిపోతాయి. అందుకు జూన్, జులై నెలలే అదను. దసరా సెలవులు దాటాయంటే కొట్టేవాడెవడో, ఏడ్చేవాడెవడో పిల్లల్లో ఖాయమైపోతుంది.

ఇటుక బట్టీల నుంచి, మిరప కోతల నుంచి వలస తిరిగొచ్చిన పిల్లలు, ఇంట్లో రోజూ తాగుడూ తన్నులాటా చూసే పిల్లలు ఎక్కువగా ఉండే బళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు అయితే మరీ అవసరం.

చిన్నపిల్లలు కొట్టుకోవడం వింతేమీ కాదు. కెనడా పరిశోధకుడు రిచర్డ్ ట్రెంబ్లే ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించి తేల్చిందేమిటంటే, మనిషి జీవితంలో కొట్టడం, తన్నడం, కొరకడం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది రెండు నుంచి నాలుగేళ్ల వయసులోనట. మాటలు పెరిగేకొద్దీ చెయ్యి తగ్గుతుంది. బడికొచ్చే వయసుకి కూడా తగ్గనివాళ్లు కొద్దిమందే ఉంటారు. వాళ్లకి మానుకోవడం ఇంకా ఎవరూ నేర్పలేదన్నమాట. ఆ పని మనమీద పడింది.

గది సర్దడం

తెరవడానికి ఒకరోజు ముందు గదిలోకి వెళ్లి, ఏడేళ్ల పిల్లాడి ఎత్తులో కూర్చుని చుట్టూ చూడండి. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇటుక ముక్క కనిపిస్తుంది. మూలన చీపురు కర్ర, బెంచీకి పైకి లేచిన మేకు. మా బళ్లో ఒకసారి తల పగిలింది ఆ తలుపు ఇటుకతోనే. బయటివాళ్లెవరూ తేలేదు, మేం పెట్టిందే. అంతకన్నా భయం బ్లేడు ముక్కలంటే. బ్లేడు విరిచి పెన్సిల్ చెక్కుకునే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. డజను షార్ప్‌నర్లు కొని టేబుల్ మీద డబ్బాలో పెట్టండి, బ్లేడు తెచ్చిచ్చిన వాళ్లకి ఒకటి ఇవ్వండి. తిట్టొద్దు, తిడితే దాచేస్తారు.

బెత్తం కూడా గది దాటించాలి. ముఖ్యంగా క్లాస్ లీడర్ చేతికి బెత్తమిచ్చి "అల్లరి చేసినవాళ్లని కొట్టు" అని ఆఫీసు గదిలోకి వెళ్లే అలవాటుంటే ఈ ఏడాదితో మానేయాలి. బలమున్నవాడు కొట్టొచ్చు అని మన నోటితోనే నేర్పుతున్నాం. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధమే. "టీసీ ఇచ్చి పంపేస్తా" అనే బెదిరింపుకీ బలం లేదు. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్ చెబుతోంది.

దుడుకు పిల్లాణ్ణి వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టకండి. మీరు నల్లబల్లకీ టేబుల్‌కీ మధ్య తిరిగే దారి పక్కన, నెమ్మదస్తుల మధ్య కూర్చోబెట్టండి. పడనివాళ్లిద్దరికీ మధ్య కనీసం రెండు వరసలుండాలి.

రెండు వారాల నోటుబుక్కు

ఒక పాత నోటుబుక్కులో ప్రతి గొడవకీ మూడు ముక్కలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికేం దక్కింది. పక్కన టైమూ, చోటూ. రెండు వారాలకి పేజీ తిరగేస్తే మీకే కనబడుతుంది. నా పుస్తకంలో ఎక్కువ భాగం పదకొండున్నర నుంచి భోజనం గంట దాకా, కుళాయి దగ్గర, సోమవారాలు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలకి పదకొండున్నరకే కళ్లు తిరుగుతాయి. లెక్కలు ఆ టైము నుంచి తీసి పాటలు, బొమ్మలు పెట్టాను. కుళాయి దగ్గరికి ఒక్కసారిగా వదలకుండా ఆరుగురు చొప్పున పంపాను. ఈ రెంటితోనే చాలా తగ్గింది.

మూడో ముక్క, అంటే ఏం దక్కింది అన్నది చాలామంది వదిలేస్తారు. కొట్టిన ప్రతిసారీ బయట నిలబెడితే, చదవడం రాని పిల్లాడికి రీడింగ్ తప్పుతుంది. వాడికి కావలసింది అదే. అలాంటప్పుడు శిక్షకన్నా తేలికైన పుస్తకం పని చేస్తుంది.

మా రెండో తరగతిలో ఒకడుండేవాడు. వెనక నుంచి ఎవరైనా తడితే చాలు, తిరిగి కొట్టేసేవాడు. ఒకరోజు ఇంకో పిల్లాడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాడు. నోటుబుక్కు తీసి చూస్తే అన్ని గొడవలకీ ముందు ఒకటే మాట: "పిలిచారు, పలకలేదు, తట్టారు." నాకు అప్పటికీ వెలగలేదు. ఒక మధ్యాహ్నం వాడు డెస్కు మీద తల వాల్చి పడుకుంటే, చెవి కింద నోటుబుక్కు అట్ట తడిసి కనిపించింది, చీము. ఒక చెవి ఏడాదిగా కారుతోందట. వెనక పిలుపు వినబడదు, హఠాత్తుగా వీపు మీద చెయ్యి పడితే ఉలిక్కిపడతాడు. అంతవరకూ వాణ్ణి నేను మొండివాడనే అనుకున్నాను. పిల్లలందరికీ "ముందుకొచ్చి పిలవండి" అని నేర్పాం, చెవికి వైద్యం మొదలైంది. కాబట్టి పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీం బడికొచ్చినప్పుడు దుడుకు పిల్లల పేర్లు ముందే రాసిచ్చి చెవి, కన్ను, రక్తహీనత చూడమని అడగండి. మాట ఆలస్యం, ఎదుగుదలలో తేడా అనిపిస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌తో మాట్లాడండి.

తరగతి మొత్తానికి పనికొచ్చే ఆట ఒకటుంది. 1969లో అమెరికాలోని కాన్సస్‌లో మొదలైంది. తరగతిని జట్లుగా చేసి, "కొట్టొద్దు, లేవొద్దు, అరవొద్దు" లాంటి రెండు మూడు నియమాలు పెట్టి, పది నిమిషాలు ఆడించాలి. తప్పు జరిగితే ఆ జట్టుకి ఒక గీత. నాలుగు గీతలు దాటని జట్లన్నీ గెలిచినట్టే. బహుమతి చాక్లెట్ వద్దు, అయిదు నిమిషాలు ముందు ఆటకి వదిలితే చాలు. బాల్టిమోర్‌లో ఒకటో తరగతిలో ఇలా ఆడిన దుడుకు మగపిల్లల్ని ఇరవయ్యేళ్ల వయసు దాకా గమనిస్తే, ఆడనివాళ్లకన్నా మత్తు అలవాట్లు తక్కువగా కనిపించాయి. ఒక జాగ్రత్త: ఒక్కడి వల్లే జట్టు ఓడిపోతుంటే సాయంత్రం బయట వాడికి దెబ్బలు పడతాయి. వాణ్ణి విడిగా ఒక జట్టు చేయండి.

చెయ్యి లేచినప్పుడు

ముందు మిగతా పిల్లల్ని కదిలించాలి. "పలకలు పట్టుకుని వరండాలోకి" అన్న మాట జూన్‌లోనే నాలుగైదుసార్లు ఆటలా ప్రాక్టీసు చేయిస్తే గొడవ రోజున రెండు క్షణాల్లో గది ఖాళీ అవుతుంది. ప్రేక్షకులు లేకపోతే సగం కోపం దిగుతుంది. పక్క గది టీచర్‌ని పిలవడానికి ఒక పిల్లని ముందే నియమించండి. సింగిల్ టీచర్ బడి అయితే వంట చేసే అమ్మకి చెప్పి ఉంచండి.

వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగకండి. పక్కగా నిలబడి, కాస్త వంగి, తక్కువ గొంతుతో, చిన్న మాటల్లో చెప్పండి: "రాయి కింద పెట్టు. నేనిక్కడే ఉన్నా." "ఎందుకు కొట్టావ్" అన్న ప్రశ్న అప్పుడు దండగ. కొరికి పట్టుకుంటే చెయ్యి వెనక్కి లాగొద్దు, చర్మం చిరుగుతుంది. చేతిని మెల్లగా నోటివైపే ఆనిస్తే పట్టు వదులుతారు. గాటు పడితే సబ్బుతో, ధారగా నీళ్లతో కడిగి పీహెచ్‌సీలో చూపించండి. తలకి దెబ్బ తగిలి వాంతి అయినా, మత్తుగా ఉన్నా 108.

కోపం దిగడానికి అరగంటైనా పడుతుంది. అప్పటిదాకా "సారీ చెప్పు" అని పట్టుబట్టొద్దు. దెబ్బ తిన్న పిల్లాణ్ణి ముందు చూసుకోండి, వాడింటికి ఆ సాయంత్రమే మీరే కబురు చెప్పండి. వీధిలో వేరే నోట విన్నారంటే మర్నాడు గేటు దగ్గర ఇంకో గొడవ.

కొట్టిన పిల్లాడి తండ్రికి చెప్పే తీరు వేరుగా ఉండాలి. "మీవాడు కొట్టాడు" అంటే రాత్రికి బెల్టు తీస్తాడు, పొద్దున అదే బడికొస్తుంది. "అన్నా, బుజ్జిగాడు రాత్రి సరిగ్గా పడుకుంటున్నాడా? పొద్దున ఏం తిని వస్తున్నాడు?" అని మొదలుపెట్టండి. వాడు బాగా చేసిన పని ఒకటి చెప్పి, ఆ తర్వాతే గొడవ సంగతి.

ఒంటి మీద వాతలు కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. వయసుకి మించిన లైంగిక చేష్టలు కనిపిస్తే, ఎవరో వాడిపై అఘాయిత్యం చేశారనిపిస్తే పోలీసులకి తెలపడం, పిల్లలపై లైంగిక నేరాల్ని అడ్డుకునే పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత. హెచ్‌ఎం చూసుకుంటారులే అని ఊరుకోకూడదు.

టేబుల్ సొరుగు లోపల 1098, 108 పక్కన 14416 కూడా రాసి అతికించండి. అది టెలిమానస్ నంబరు, మానసిక ఆరోగ్యానికి. పిల్లల కోసమే అనుకునేరు. వరసగా మూడు గొడవలు జరిగిన వారం రాత్రి నిద్ర పట్టక నేనే చేశాను. తెలుగులోనే మాట్లాడారు.